తలుపు వెనక సంచి

మా ఇంటి వీధి తలుపు వెనక, మేకుకు, ఒక గుడ్డ సంచి ఎప్పుడూ వేలాడుతుంటుంది. అందులో ఒక తువ్వాల, ఒక లుంగీ, బీపీ గోలీలు, కళ్లద్దాలు, కాగితంలో చుట్టిన సబ్బుముక్క ఉంటాయి. మా గోదావరిఖనికి మంత్రి ఎవరైనా వస్తున్నాడని పేపర్లో పడిందంటే చాలు, ఆ పొద్దున మా బాపు, అంటే మా నాన్న, గడ్డం గీసుకుని, తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంటాడు. కొత్తగా చూసేవాళ్లు పెళ్లికి పోతున్నాడనుకుంటారు. ఆయన ఎదురుచూసేది పోలీసు జీపు కోసం.

దీన్ని ముందస్తు అరెస్టు అంటారు. ఏదో చేసినందుకు కాదు, చేస్తాడేమోనని చేసే అరెస్టు. మంత్రి వస్తాడు, రిబ్బను కత్తిరిస్తాడు, ప్రసంగిస్తాడు, భోంచేసి వెళ్లిపోతాడు. అంతసేపూ బాపు, ఆయనలాంటి మరో పదిమంది రిటైరైన కార్మికులు స్టేషన్లో బల్లల మీద కూర్చుంటారు. మంత్రి కారు ఊరు దాటిందని కబురు రాగానే రిజిస్టరులో సంతకాలు పెట్టించుకుని ఇంటికి పంపేస్తారు. లోపల చాయ్ ఇస్తారు. నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి పులి–మేక ఆడుకోనిస్తారు. బాపు పేపరు పైకి చదువుతుంటే మిగతావాళ్లు ప్రభుత్వాన్ని తిడుతుంటారు. ఒక్కోసారి డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ కూడా గొంతు తగ్గించి వాళ్లతో కలుస్తాడు.

బాపుకు డెబ్బై దాటాయి. జీవితమంతా బొగ్గు దుమ్ము పీల్చిన మనిషి, బజారు దాకా నడిచి వస్తే పది నిమిషాలు మాట్లాడలేడు. ఈయన వల్ల రాష్ట్రానికి ఏం ముప్పు ముంచుకొస్తుందో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. కానీ జీపు కాస్త ఆలస్యమైతే మాత్రం ఆయన మొహం మాడిపోతుంది. ఒకసారి పదింటికి కూడా రాకపోయేసరికి, మరిచిపోయారేమోనని అమ్మను మూడుసార్లు అడిగాడు. సందు మలుపులో జీపు చప్పుడు వినబడ్డాక గానీ ఆయన ప్రాణం కుదుటపడలేదు.

బాపు టింబర్‌మన్‌గా పనిచేశాడు. మా దగ్గర గనిని బాయి అంటారు. బాయి లోపల బొగ్గు తీస్తూ పోతుంటే పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. దుంగ నిలబెట్టే ముందు కర్రతో కప్పు మీద తట్టి చెవి ఒగ్గి వినాలి. గట్టి రాయి ఒక రకంగా మోగుతుంది, లోపల వదులైన రాయి డొల్లగా పలుకుతుంది. ఆ తేడా పట్టలేని టింబర్‌మన్ వెనక ఎవరూ నడవరు. నేను పుట్టకముందు ఒకరోజు, పొద్దు షిఫ్టులో, ఒకచోట కప్పు డొల్లగా పలికింది. కొత్త దుంగలు వచ్చేదాకా ఎవరూ లోపలికి పోవద్దని బాపు అన్నాడు. పని ఆపడం కుదరదని పై అధికారి ఎవరో చెప్పాడు. బాపు బయటికొచ్చి బాయిగడ్డ మీద కూర్చున్నాడు. ఆయన్ను చూసి గ్యాంగు కూర్చుంది, గ్యాంగును చూసి షిఫ్టు మొత్తం కూర్చుంది. సాయంత్రానికి దుంగలు వచ్చాయి. వాటి వెంటే పోలీసులు కూడా వచ్చారు.

ఆ రోజుల్లో అడవుల్లో తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్లు ఉండేవారు. జనం వాళ్లను అన్నలు అనేవారు. మా వైపు ఎవరు ఎక్కడ కూర్చున్నా, ఎవరు గొంతు పెంచినా వెనక వాళ్లే ఉన్నారని ప్రభుత్వానికి గట్టి నమ్మకం. బాపును కూడా అదే అడిగారు.

"నీ వెనక ఎవరున్నరు?"

"పొద్దు షిఫ్టున్నది సార్" అన్నాడట ఆయన.

ఈ జవాబు మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. స్టేషన్లో మాత్రం ఎవరికీ నచ్చలేదు. ఏదో కాగితంలో ఆయన పేరు పక్కన తీవ్రవాదుల సానుభూతిపరుడు అని రాసుకున్నారు. బాపు జన్మలో తుపాకీ ముట్టలేదు. అడవి మొహం చూసింది జాతరకు పోయినప్పుడే, అది కూడా అమ్మ మొక్కు తీర్చడానికి.

ఒకసారి రాసిన ఆ రాతను మళ్లీ ఎవరూ కొట్టెయ్యలేదు. ప్రభుత్వం మారినప్పుడల్లా మాట మాత్రం మారుతూ వచ్చింది. సానుభూతిపరుడు కాస్తా కొన్నేళ్లకు సంఘవిద్రోహ శక్తి అయ్యాడు. ఇంట్లో చీపురు కనబడకపోతే, ఏ విద్రోహ శక్తి ఎత్తుకుపోయిందోనని అమ్మ వెతికేది. తర్వాత రాష్ట్రం కోసం ఉద్యమం వచ్చింది, బాయిలు బందయ్యాయి. అదే మనిషి, అదే గడ్డ మీద, అదే గొంతుతో కూర్చుంటే అప్పుడు ఉద్యమకారుడు అన్నారు. రాష్ట్రం వచ్చాక వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఏడాది తిరక్కుండానే, ఆ శాలువా కప్పిన పెద్దమనిషి మళ్లీ ఊరికొస్తుంటే, శాలువా కప్పించుకున్న మనిషిని జీపెక్కించారు. ఇప్పటి కాగితంలో శాంతిభద్రతలకు భంగం కలిగించే అవకాశం ఉన్న వ్యక్తి అని ఉంటుందట. బిరుదు పొడుగైంది గానీ, బాపు అడిగేది అప్పుడూ ఇప్పుడూ ఒకటే. కప్పు గట్టిగా ఉందా లేదా అన్నదే ఆయన ప్రశ్న.

ప్రభుత్వం సంగతి అలా ఉంచండి. పక్కింటివాళ్ల సంగతి కూడా చెప్పాలి. నా చిన్నప్పుడు మేము క్వార్టర్లో ఉండేవాళ్లం. పక్క క్వార్టరువాళ్లు కోస్తా నుంచి వచ్చారు, ఇంటాయన ఆఫీసులో క్లర్కు. వాళ్లమ్మాయీ నేనూ ఒకే తరగతి. ఆయన భార్య మధ్యాహ్నాలు మా వంటింట్లో పీటేసుకుని కూర్చుని అమ్మతో గంటలు గంటలు మాట్లాడేది. బాపును మొదటిసారి మా కళ్లముందు జీపెక్కించిన మర్నాడు ఆవిడ మా జల్లెడ తిరిగివ్వడానికి వచ్చింది. గేటు తీసి లోపలికి రాలేదు. ప్రహరీ గోడ మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ వారం నుంచి వాళ్లమ్మాయి బడికి వేరే దారిలో పోయింది. తరగతిలో ఒకడు నన్ను అన్నల బిడ్డ అంటే జామెట్రీ బాక్సుతో వాడి నెత్తి మీద కొట్టాను. ఇంట్లో నేర్పేది ఇదేనా అని సారు నన్నే బెంచీ ఎక్కించాడు. వాడి నెత్తి మీద బొప్పి కట్టినందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు.

అయితే ఆ మనుషులకే క్వార్టరు కోసం అర్జీ రాయాలన్నా, దవాఖానలో మెడికల్ బోర్డుకు కాగితం పెట్టాలన్నా బాపు కావాలి. ఏడో తరగతి దాకా చదివిన ఆయన రాసిన అర్జీకి ఆఫీసుల్లో జవాబు వచ్చేది. ఎందుకంటే ఆయన ఎక్కడా బతిమాలడు, జరిగింది జరిగినట్టు రాసి, ఏ తేదీలోగా జవాబు కావాలో కింద రాస్తాడు. ముందు నుంచి వస్తే ఎవరన్నా చూస్తారని అందరూ పెరటి వైపు నుంచి వచ్చేవాళ్లు. మా ఇంటి ముందు తలుపు పోలీసులది, వెనక తలుపు జనానిది. జల్లెడ గోడ మీద పెట్టి పోయిన ఆవిడ కూడా ఒక మధ్యాహ్నం పెరట్లోంచి వచ్చింది, భర్త బదిలీ ఆపమని అర్జీ రాయించుకోవడానికి. అమ్మ ఆవిడకు పీటేసి మంచినీళ్లిచ్చింది. నేనైతే ఇచ్చేదాన్ని కాదు.

ఇతరులను అనడం సులువే. నేను చేసింది కూడా చెప్పాలి. నాకు సర్కారు బడిలో టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు పోలీసు విచారణ ఉంటుందని తెలిసి హడలిపోయాను. బెల్లంపల్లిలో మా మేనత్త ఇంటి అడ్రసు ఇచ్చాను. అది చాలదన్నట్టు, విచారణ అయిపోయేదాకా మీటింగులకు పోవద్దని, ఎవరి అర్జీలూ రాయొద్దని బాపును అడిగాను. ఆయన ఎందుకని అడిగితే, "నీ పేరుతోటి నా బతుకు ఆగమైతది" అన్నాను. ఆయన ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. పెరట్లోకి ఎవరైనా వస్తే బిడ్డ పని అయ్యాక రమ్మని తిప్పి పంపేవాడు. ఇన్నేళ్లలో పోలీసులు చెయ్యలేని పని నేను ఒక్క మాటతో చేశాను. అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రిటైరయ్యాక బాపు ఊరి చివర చిన్న ఇల్లు కట్టుకున్నాడు. బదిలీ మీద తిరిగొచ్చి నేనూ ఇప్పుడు వాళ్లతోనే ఉంటున్నాను. కట్టేనాటికి ఓపెన్ కాస్టు గని, అంటే నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే గని, మాకు చాలా దూరం. కమాన్‌పూర్ వెళ్లే బస్సులోంచి చూస్తే మట్టిగుట్టలు కనబడేవి, అంతే. అది జరుగుతూ జరుగుతూ మా దగ్గరికి వచ్చేసింది. రోజూ మధ్యాహ్నం సైరన్ మోగుతుంది, ఆ వెంటనే బ్లాస్టింగ్. వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. మొదట వంటింటి గోడ మీద సన్నని గీత పడింది. ఏడాదికి అందులో అగ్గిపుల్ల దూరింది, రెండో ఏడుకు నా చిటికెన వేలు దూరింది. బాపు సాయంత్రాలు కర్ర పట్టుకుని ఇల్లంతా తడుతూ తిరిగేవాడు, బాయిలో కప్పు మీద తట్టినట్టే. మిగతా గోడలు ఫరవాలేదు గానీ వంటింటి గోడ డొల్లగా పలికిందన్నాడు. అమ్మ రోజంతా కూర్చునే పీట ఆ గోడకు ఆనుకునే ఉంటుంది. పీట జరపమంటే, పొయ్యిని కూడా జరపమంటారా అని ఆమె కసిరేది.

మా వరసలో ముప్ఫై ఇళ్లదీ ఇదే బాధ. బాపు మూడేళ్లు అర్జీలు పెట్టాడు. ముట్టినట్టు ముద్ర వేసిచ్చేవారు గానీ వచ్చి చూసినవాళ్లు లేరు. మొదటిసారి ఆయన అర్జీలకు జవాబు రావడం మానేసింది. ఇక మిగిలింది మంత్రికి ఎదురుగా నిలబడి చేతికివ్వడమే. ఆ అడగాల్సిన మనిషి ఊరికొచ్చిన రోజే ఈ అడిగే మనిషి స్టేషన్లో ఉంటాడు. మూడేళ్లలో మంత్రి నాలుగుసార్లు వచ్చాడు. నాలుగుసార్లూ బాపు జేబులో అర్జీ పెట్టుకుని జీపెక్కాడు, అదే అర్జీతో తిరిగొచ్చాడు.

అమ్మ గురించి ఇంతవరకూ పెద్దగా చెప్పలేదు. ఎవరూ చెప్పరు. జీపు వస్తే సంచి అందించడం, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని షేర్ ఆటోలో స్టేషన్‌కు పోవడం ఆమె పని. డబ్బాలో అన్నం, పప్పు, చింతకాయ తొక్కు. గేటు దగ్గర కానిస్టేబుల్ మూత తీసి చూసి లోపలికి పంపుతాడు. ఖాళీ డబ్బా వచ్చేదాకా ఆమె బయటే నిలబడుతుంది. ఏ జాబితాలోనూ ఆమె పేరు లేదు. ఆమె ఏమనుకుంటుందో తెలుసుకోవాలని ప్రభుత్వానికీ తోచలేదు, మాకూ తోచలేదు.

ఐదోసారి మంత్రి వచ్చింది కొత్త పార్కు తెరవడానికి. మా దగ్గర ఒక రివాజు ఉంది. పెద్దవాళ్లు వస్తే ముందు ఆడవాళ్లు వరసగా నిలబడి బొట్టు పెట్టి హారతి పట్టాలి. మహిళా సంఘం నాయకురాలు ఇల్లిల్లూ తిరిగి మంచి చీరలున్నవాళ్లను ఎంచుకుంది. పెద్దముత్తైదువ అని అమ్మను వరసలో మూడోదానిగా పెట్టింది. అమ్మ సరేనంది. బాపుకు అది నచ్చలేదు. తనను పట్టుకుపోయే రోజున తన భార్య హారతి పడుతుందా అని రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ఆ పొద్దున మామూలుగానే జీపు వచ్చింది. బాపు సంచి తీసుకుని లేచాడు. అమ్మ ఆయన చొక్కా జేబు వైపు చూసి చెయ్యి చాపింది.

"గా కాగితం ఇటియ్యి. ఎట్లైనా తిరిగొచ్చేదే గద, ఇంట్ల ఉండనీ."

బాపు మొహం చిన్నబోయింది. అర్జీ తీసి ఆమె చేతిలో పెట్టి జీపెక్కాడు. ఆ మాటకు నాకు అమ్మ మీద కోపం వచ్చింది. తర్వాత ఆమె వంటింట్లోకి పోయి పప్పుగుత్తితో గోడ మీద టకటకా కొట్టడం వినబడింది. బొద్దింకలేమో అనుకున్నాను.

నన్ను బడి పిల్లలను తీసుకుని రమ్మన్నారు కాబట్టి నేనూ పార్కు దగ్గరే ఉన్నాను. లోపలికి వచ్చే మగవాళ్ల జేబులు తడిమారు. నల్ల జెండా అవుతుందని నల్ల రుమాళ్లు తీసేసుకున్నారు. ఒక ముసలాయన నల్ల గొడుగు కూడా గేటు దగ్గరే ఉండిపోయింది. హారతి పళ్లేల వంక మాత్రం ఎవరూ చూడలేదు. పైగా గాలికి అమ్మ పళ్లెంలో కర్పూరం అంటుకోకపోతే ఒక కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టి అగ్గిపుల్ల గీసిచ్చాడు.

మంత్రి కారు దిగాడు. మొదటి ఆవిడ బొట్టు పెట్టింది, రెండో ఆవిడ బొట్టు పెట్టింది. అమ్మ కూడా పెట్టింది. హారతి తిప్పింది. తర్వాత పళ్లెంలో తమలపాకుల కింద నుంచి అరచేతి వెడల్పు సున్నం పెచ్చు తీసి ఆయన ముందు పట్టుకుంది.

"ఇదేందవ్వా?" అన్నాడు మంత్రి.

"మా వంటింటి గోడ, సారు. బాంబులకు రాలుతున్నది. మా ఇంటాయన నీతోని చెప్పాలని మూడేండ్ల సంది తిరుగుతున్నడు. నువ్వొచ్చిననాడే ఆయనను పట్కపోతరు. గందుకే నేను తెచ్చిన."

పక్కనున్న అధికారి ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. మంత్రి వద్దన్నట్టు సైగ చేసి పెచ్చు చేతిలోకి తీసుకున్నాడు. అది అక్కడికక్కడే పొడిపొడిగా రాలి ఆయన తెల్ల చొక్కా మీద పడింది. అమ్మ ఆకుల కింద నుంచి అర్జీ కూడా తీసి ఇచ్చింది. ఆమె వెనక నిలబడ్డ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, మా ఇల్లు కూడా ఇంతేనని గొంతు కలిపారు. మంత్రి అర్జీ మడత విప్పి రెండు లైన్లు చదివి, వెనక్కి తిరిగి ఎవరికో ఇచ్చి, వెళ్లి చూడమన్నాడు. మొత్తం ఒక్క నిమిషం పట్టిందేమో. తర్వాత రిబ్బను కత్తిరించాడు.

నిజం చెప్పాలంటే నాకు ముందు గుర్తొచ్చింది నా ఉద్యోగం. అది ఒక క్షణమే. ఆ తర్వాత నాకు కలిగినంత గర్వం నా జీవితంలో దేనికీ కలగలేదు. పిల్లల ముందు ఏడవకూడదని తల వంచుకుని వాళ్ల వరస సరిచేస్తున్నట్టు నటించాను.

బాపుకు ఈ కబురు స్టేషన్లోనే తెలిసింది. కానిస్టేబుల్ ఫోన్లో వీడియో చూపిస్తే పులి–మేక ఆపి అందరూ దాని చుట్టూ మూగారట. ఇంటికొచ్చాక అమ్మ బియ్యం ఏరుతుంటే ఎదురుగా కూర్చుని, ఏమన్నావు, మళ్లీ చెప్పు అని నాలుగుసార్లు చెప్పించుకున్నాడు. ఐదోసారి ఆమె విసుక్కుని చేట ఆయన ఒళ్లో పెట్టి లేచిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం స్టేషన్ నుంచి ఒక అధికారి వచ్చాడు. ఆయన అనుమానమంతా బాపు మీదే. ముసలామెకు ఇంత ఆలోచన ఎక్కడిది, నువ్వే నేర్పి పంపావు కదా అన్నాడు. తాను ఆ టైముకు వాళ్ల బల్ల మీదే ఉన్నానని, సంతకం వాళ్ల రిజిస్టరులోనే ఉంటుందని బాపు చాలా మర్యాదగా గుర్తుచేశాడు. నేను లోపలికి పోయి నవ్వుకోవాల్సి వచ్చింది. అధికారి అమ్మ వైపు తిరిగి, బాపును అప్పుడెప్పుడో అడిగిన ప్రశ్నే అడిగాడు. ఇన్నేళ్లలో వాళ్లకు కొత్త ప్రశ్న దొరకలేదు.

"నీ వెనక ఎవరున్నరు?"

"గోడున్నది సారు" అంది అమ్మ. "రా, చూద్దువు."

ఆయన్ను వంటింట్లోకి తీసుకుపోయి చేతికి పప్పుగుత్తి ఇచ్చింది. ఎక్కడ తట్టాలో బాపు చూపించాడు. ఆ అధికారి టోపీ తీసి, గోడకు చెవి ఒగ్గి, గట్టి గోడ మీద ఒకసారి, ఆ గోడ మీద ఒకసారి తట్టి విన్నాడు. తర్వాత తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశాడు. నోటుబుక్కులో ఏదో రాసుకుని, చాయ్ వద్దని వెళ్లిపోయాడు.

సంఘం నాయకురాలు మాత్రం ఇంటి మీదికొచ్చి గొడవ చేసింది. సంఘం పరువు పోయిందని, అమ్మకు ఇకపై కబురు పెట్టనని చెప్పింది. పోలీసు వచ్చి పోయాడని మా వరస ఇళ్ల ఆడవాళ్లు వారం రోజులు మా ఇంటి ముందు తల తిప్పుకుని పోయారు. నక్సలైటు అవ్వ అని ఎవరో పేరు కూడా పెట్టారు. నాకు గోడ మీది జల్లెడ గుర్తొచ్చి రక్తం ఉడికిపోయింది. అమ్మకు ఏమీ అనిపించినట్టు లేదు. ఎనిమిదో రోజు పెరటి తలుపు చప్పుడైంది. మా గోడ కూడా చూడమని ఒకామె వచ్చింది. మర్నాడు ఇద్దరు వచ్చారు. అమ్మ పప్పుగుత్తి పట్టుకుని ఇళ్లిళ్లూ తిరిగి గోడలు తట్టింది, డొల్లగా పలికిన చోట పసుపుతో గీత గీసింది. బాపు ఆమె వెంట తిరిగి కాగితం మీద రాసుకున్నాడు. ఆయన ఎవరి వెంటైనా నడవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ నెలలోనే అధికారులు వచ్చి పగుళ్ల మీద అడ్డంగా గాజు పట్టీలు అతికించి పోయారు. గోడ కదిలితే గాజు పగులుతుందట. మా వంటింటి పట్టీ వారానికే పగిలింది. మళ్లీ వచ్చి, చూసి, బ్లాస్టింగ్ మందు తగ్గించారు. రెండోసారి అతికించిన పట్టీ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పూర్తిగా గెలిచామని చెప్పను, వరస చివరి ఇళ్లలో ఇంకా పగులుతున్నాయి. కానీ అమ్మ ఇప్పుడు ఆ గోడకు ఆనుకుని కూర్చుంటే బాపు పీట జరపమనడం మానేశాడు.

పోయిన నెలలో మరో పెద్దమనిషి వస్తున్నాడని పేపర్లో పడింది. ఆదివారం. బాపు ఎప్పటిలాగే తయారై సంచితో అరుగు మీద కూర్చున్నాడు. జీపు వచ్చింది. మాకు తెలిసిన కానిస్టేబులే దిగాడు. బాపు లేచి నిలబడ్డాడు. ఆ కానిస్టేబుల్ నేల చూపులు చూశాడు.

"నువ్వు గాదు కాకా. పానం మంచిగ లేనోళ్ల పేర్లు తీసేసిన్రు. చిన్నమ్మను తోలుకరమ్మన్నరు."

బాపు సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికొచ్చి జాబితా చూపించమంది. ఆమెకు చదవడం వచ్చు, బాపు అర్జీలు చూసి చూసి నేర్చుకుంది. కాగితంలో బాపు పేరు రాసి, పక్కన భార్య అని రాసి ఉంది.

"గిండ్ల నా పేరేది?" అంది.

ఎలా రాసినా ఎవరో తెలిసిపోతుంది కదా అని కానిస్టేబుల్ నసిగాడు. అమ్మ అరుగు మీద కూర్చుంది.

"ఆయన పేరు మీద నేను రాను బిడ్డా. గోడ నాది, మాట నాది. నా పేరు రాసుకో, ఎక్కుత."

కానిస్టేబుల్ ఫోన్ చేసి ఎవరితోనో మాట్లాడాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, చెప్పు చిన్నమ్మా అన్నాడు. అమ్మ ఇంటిపేరుతో సహా తన పేరు సందంతా వినబడేలా చెప్పింది. ఆ పేరు బయటి మనిషి రాసుకోవడం నేను రేషన్ కార్డు తర్వాత అప్పుడే చూశాను. అతను రాసేదాకా ఆగి, కళ్లతో సరిచూసుకుని లేచింది. అప్పటికి బాపు సంచిలోంచి లుంగీ తీసేసి, ఆమె చీర, మోకాళ్ల నొప్పుల మందు పెట్టి పట్టుకుని నిలబడ్డాడు. సంచి ఆమె భుజానికి తగిలించాడు. ఆమె ముందు సీట్లో కూర్చుంది.

మధ్యాహ్నానికి బాపు నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. అన్నం, పప్పు తనే వండాడు. డబ్బా మూత సరిగ్గా బిగించడం రాలేదు. షేర్ ఆటోలో స్టేషన్‌కు పోయి నాలుగింటికి తిరిగొచ్చాడు. ఇస్త్రీ చొక్కా నిండా పప్పు మరకలు. అరుగు మీద కూర్చుని చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"లోపటికి పోనియ్యలే. ఖాళీ డబ్బా వచ్చేదాక గేటు కాడనే నిలవెట్టిన్రు" అన్నాడు. చొక్కా మీది పప్పు తుడుచుకుంటూ, "లోపల కూసున్నోనికేం, చాయ్ పోస్తరు. గా గేటు కాడ నిలవడుడు ఇంత కష్టమని మీ అమ్మ నాకు ఒక్కనాడన్న చెప్పలే" అన్నాడు.

నేనూ ఆమెను ఎన్నడూ అడగలేదు.

పొద్దు వాలుతుండగా జీపు వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. అమ్మ సంచితో దిగింది. పులి–మేకలో ముగ్గురిని ఓడించానని చెప్పి, పప్పులో ఉప్పు మరిచిపోయావని బాపును కోప్పడింది. వరసలోని ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. ఒకామె చాయ్ చెంబు తెచ్చింది, ఒకామె గ్లాసులు తెచ్చింది. సంఘం నాయకురాలు అందరికన్నా చివర వచ్చింది. ఆ సాయంత్రం అందరూ మా ఇంటికి ముందు తలుపులోంచే వచ్చారు.